సన్న పైపు, లావు మోటారు

నెల్లూరు తీరంలో తోట కొన్నవారికి అడక్కుండానే దొరికేవి రెండు: ఉప్పుగాలి, పైపుల మీద సలహా. గాలి రాత్రికి దిక్కు మార్చుకుంటుంది. సలహా మార్చుకోదు.

"అంత దూరం పోవాలంటే నీళ్లకు ఫోర్సు కావాల. లావు పైపేస్తే నిదానంగా పోయి ఆడికి చేరేసరికి చచ్చిపోతాయి. ఇంచి పైపెయ్యి సామీ, తన్నుకుంటా పోతాయి." వినే పెద్దమనిషి నెల్లూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగం చేస్తూ, మైపాడు వైపు రెండెకరాల ఇసుక కొని దానికి తోట అని పేరు పెట్టుకున్నవాడు. లావు పైపుకు డబ్బెక్కువని మథనపడుతున్న వేళ, సన్నదే మేలని ఎవరైనా చెబితే కాదనే మనసు ఎవరికుంటుంది?

నీళ్లు దూరం నుంచి తెచ్చుకోవలసిన అవసరం మాత్రం నిజమే. సముద్రం ఒడ్డున ఇసుక కింద ఉప్పునీటి మీద మంచినీరు పొరలా తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరుంటే కిందికి దాదాపు 40 అడుగులు మంచినీరే ఉంటుందని లెక్క. డచ్చి దేశంలో బాడన్ గైబెన్, 1901లో జర్మనీలో హెర్జ్‌బెర్గ్ తేల్చిన సంగతి ఇది. ఇదే లెక్క తిరగేస్తే పైన ఒక్క అడుగు తోడేసినచోట కాలక్రమంలో ఉప్పు 40 అడుగులు పైకి రావచ్చు. లోతుగా బోరేస్తే ఉప్పు తగిలే ముప్పు ఎక్కువ కాబట్టి, ఈ తీరపు పాతకాలం రైతులు బోరు జోలికి పోలేదు. ఇసుకలో దొరువు అనే లోతులేని గుంట తవ్వి, పైపైన ఊరిన నీటిని కుండలతో ముంచి నారుమళ్లకు పోసుకున్నారు. సరుగుడు తోపుల అవతల తియ్యటి దొరువు ఉంటే అక్కణ్ణుంచి పైపు లాగడంలో తప్పేమీ లేదు.

తప్పల్లా ఆ ఇంచిలోనే ఉంది. దూరం అర కిలోమీటరు, కావలసింది సెకనుకు ఒక లీటరు అనుకుంటే, 32 మిల్లీమీటర్ల ఇంచి పైపులో రాపిడికే దాదాపు 50 మీటర్ల ఒత్తిడి హరించుకుపోతుంది. నేల పళ్లెంలా చదునుగా ఉన్నా, మోటారు లెక్కలో ఆ తోట పదిహేనంతస్తుల మేడ మీద ఉన్నట్టే. 63 మిల్లీమీటర్ల రెండించీల పైపులో అదే నీటికి, అదే దూరానికి నష్టం ఒకటిన్నర మీటరుకు మించదు. వ్యాసం సగమైతే రాపిడి రెట్టింపు కాదు, దాదాపు ముప్పై రెట్లవుతుంది.

ఈ ఫోర్సు భ్రమ పుట్టింది రబ్బరు పైపు మూతి దగ్గర. మూతికి బొటనవేలు అడ్డం పెడితే నీళ్లు దూరంగా చిమ్ముతాయి. అది చూసినవాడు వేలుంచిన చోట జరిగిన పనిని అర కిలోమీటరు పొడవునా జరిపిస్తానంటాడు. అర కిలోమీటరు పొడవునా వేలు అడ్డం పెట్టుకుంటే చివరకు చిమ్మడానికి ఏం మిగులుతుంది?

దారిలో పోయేదాన్ని ముందే లెక్కేసుకున్న ఉదాహరణ ఇదే జిల్లాలో ఉంది. చెన్నైకి కృష్ణా నీళ్లు తీసుకుపోయే తెలుగుగంగ కోసం ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర తలా 5 టీఎంసీలు ఇస్తామన్నాయి, మొత్తం 15. ఆవిరికి, ఇంకుడుకు 3 తీసేసి, చెన్నైకి సరిహద్దు దగ్గర అప్పజెప్పేది 12 అని రాసుకున్నారు. అంత జాగ్రత్తగా రాసుకున్నా, 1996లో నీళ్లు చెన్నై దగ్గరి పూండి జలాశయం చేరాక, కండలేరు జలాశయం నుంచి సరిహద్దు దాకా ఉన్న 152 కిలోమీటర్ల కాలువకు సత్యసాయి ట్రస్టు లైనింగు చేయిస్తే గాని పారుదల కుదుటపడలేదు. మన తోటాయన ఒప్పందంలో మాత్రం నష్టం గడి సున్నా.

పూడ్చడం ఇంకో ప్రహసనం. సాధారణంగా పైపు మీద రెండడుగుల మట్టి, బండ్లు తిరిగేచోట మూడడుగులు ఉండాలంటారు. ఇక్కడ ఎండాకాలం ఇసుకలో అరడుగు గాడి తీసి, పైపు కొసను లుంగీతో తుడిచినట్టు చేసి, రేణువులు అంటుకునే ఉండగా సొల్యూషన్ పూసి, అది ఆరకముందే మోటారు వేసి "చూడన్నా, ఫోర్సు" అంటారు. నెల్లూరుకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మొదటి వానకే పైన కప్పిన ఇసుక కొట్టుకుపోయి పైపు వెన్ను బయటపడుతుంది. దాని మీదుగా ట్రాక్టరు పోతుంది. లైను ఎటు తిరిగిందో తెలిసినవాడు గాడి తీసిన కూలీ ఒక్కడే. అతను ఆ వేళకు ఏ కయ్యలో నాట్లు వేస్తున్నాడో ఎవరికీ తెలీదు.

నీళ్లు చాలకపోతే వైద్యం సిద్ధం: హెచ్‌పీ పెంచడమే. ఒకటిన్నర పోయి మూడు, మూడు పోయి అయిదు. 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఉంది గనక, ఆ సర్వీసు మీద నడిచే మోటారు పైపు గోడలకు నీటిని రాయడానికి ఎంత కరెంటు తిన్నదీ రైతుకు బిల్లులో కనపడదు. లావు పైపు ధర ఒక్కసారి కళ్లకు కడుతుంది, సన్న పైపు ధర ఏళ్ల తరబడి వేరేవాళ్ల ఖాతాలో పడుతుంది. అందుకే ఈ సలహా చావదు. అయిదు హెచ్‌పీ చివరకు నీళ్లను తోటకు నెడుతుంది కూడా. అప్పుడు దొరువు అడుగంటి, కింది ఉప్పు పైకి లేస్తుంది, సపోటా ఆకు కొసలు మాడతాయి.

నీళ్లను నిదానంగా తీసుకోవడమెలాగో బాపట్లలోని లవణ నీటి పరిశోధకులు ఏనాడో చూపించారు. చిల్లుల పైపులను ఇసుకలో అడ్డంగా పూడ్చి, పై పొరలోని మంచినీటిని మెల్లగా మధ్య బావిలోకి చేర్చే పద్ధతి అది. మెరుగుపరిచిన దొరువు అన్నమాట. అందులో నీరు తన్నుకుంటూ పోదు, కాబట్టి పైపుల పెద్దలకు అది పైపులాగే కనపడదు.

ఉప్పు తగిలిన రెండెకరాలు ఒకనాడు అమ్మకానికొస్తాయి. ప్రకటనలో సముద్రం వ్యూ, కరెంటు సర్వీసుతో పాటు "భూగర్భ పైపులైను సౌకర్యం కలదు" అని కూడా ఉంటుంది. ఆ సౌకర్యం ఎటు పోతోందో కొన్నవాడు జేసీబీ పెట్టి వెతుక్కోవాలి.