రేపట్నుంచి మానేస్తున్న డాక్టరుగారు

మే 31 వచ్చిందంటే ఆసుపత్రి గేటుకి బ్యానరు కడతారు. ప్రపంచ పొగాకు వ్యతిరేక దినం మరి. నర్సింగ్ విద్యార్థినులు ఎండలో అట్టలు పట్టుకుని సెంటర్ దాకా నడిచి వస్తారు. పెద్ద డాక్టరుగారు జెండా ఊపుతారు, గులాబీ ఊపిరితిత్తికీ నల్ల ఊపిరితిత్తికీ మధ్య నిలబడి ఫోటో దిగుతారు. ఊరేగింపు మలుపు తిరిగిందో లేదో, జెండా ఊపిన చెయ్యే ప్యాంటు జేబులో అగ్గిపెట్టె కోసం వెతుక్కుంటుంది. అక్కడితో ఆగితే నాకు పేచీ లేదు, అలవాటు ఎవరికైనా అలవాటే. నా పేచీ అంతా ఆ సాయంత్రం టీ తాగుతూ ఆయన చేసే ప్రకటనతోనే. "నేనూ మానేస్తున్నానండీ. డిసైడైపోయాను."

వినగానే చుట్టూ ఉన్న హౌస్‌సర్జన్ల ముఖాల్లో భక్తి పొంగుతుంది. ఆపరేషన్ అయిపోయినంత సంబరం. నిజానికి పేషెంటు ఇంకా టేబుల్ కూడా ఎక్కలేదు.

డిసైడైన మనిషికి ముహూర్తం కావాలి. జనవరి ఒకటిన మానడం నలుగురూ చేసేదే, డాక్టరుగారి స్థాయికి తగదు. పోనీ ఉగాది అనుకుంటే అప్పుడు అబ్బాయికి నీట్ టెన్షను. అది గడిచేసరికి ఆసుపత్రికి ఇన్‌స్పెక్షను, దాని వెనకే డెంగీ సీజను. బిళ్ళలు రేపట్నుంచి వేసుకుంటానని షుగరు పేషెంటు అంటే ఓపీ గది అదిరేలా కేకలేసే మనిషే, తన దగ్గరికొచ్చేసరికి పంచాంగం తిరగేస్తాడు.

ఓపీలో చూడండి. శ్రీకాకుళం వైపు నించి ఓ తాత వచ్చాడు, మాటకి ముందు దగ్గు, వెనక దగ్గు. "చుట్ట మానెయ్యాలి తాతా." "ఎలాగ బాబూ?" "ఎలాగేంటి, మానెయ్యడమే. నెక్స్ట్!" అరవయ్యేళ్ళ అలవాటుకి అందిన చికిత్స అంతే. అదే ప్రశ్న డాక్టరుగారిని అడగండి, కుర్చీ వెనక్కి వాల్చి గంటసేపు ఉపన్యాసం ఇస్తారు. "మీకు తెలీదండీ, మా ఫీల్డులో స్ట్రెస్సు..." తాతకి సంకల్పబలం లేదు, డాక్టరుగారికి స్ట్రెస్సు ఉంది. రోగం ఒకటే, కేస్‌షీట్లు రెండు.

ఈ స్ట్రెస్సు సంగతి కాస్త విప్పి చూడాలి. ముప్ఫై ఆరు గంటల డ్యూటీ చేసే పీజీ కుర్రాడి అలసట అబద్ధం కాదు, దాన్ని వెక్కిరిస్తే నాకు పాపం. కానీ అదే క్యాజువాలిటీలో, అదే అర్ధరాత్రి, అదే యాక్సిడెంట్ కేసు నెత్తురు తుడిచిన స్టాఫ్ నర్సు మాటేమిటి? ఆవిడ ఫ్లాస్కులో మిగిలిన చల్లారిన టీ తాగి మళ్ళీ సెలైన్ మార్చడానికి పోతుంది. ఆవిడకి స్ట్రెస్సు లేదా, లేక స్ట్రెస్సుక్కూడా మగ ఆడ తేడా ఉందా? పైగా ఫార్మకాలజీ పరీక్ష పాసైన మనిషికి తెలియనిది కాదు. నికోటిన్ రక్తంలో రెండు గంటల్లో సగానికి పడిపోతుంది. అప్పుడు మొదలయ్యే చిరాకునే ఆయన స్ట్రెస్సు అంటున్నాడు, మళ్ళీ ఒకటి వెలిగించగానే తగ్గేదాన్ని రిలీఫు అంటున్నాడు. జేబు కొట్టేసినవాడే బస్సు చార్జీ చేతిలో పెడితే దండం పెట్టినట్టుంది. మానేసిన కొన్ని వారాలకి ఆందోళన పెరగదు, తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఆ పేజీ మాత్రం ఆయన పుస్తకంలో అంటుకుపోయి ఉంటుంది.

పాఠ్యపుస్తకాన్ని ఆయన అసలు వాడడనీ కాదు. రోజుకి ఎన్ని పెట్టెలో, ఎన్నేళ్ళో గుణించే ప్యాక్ ఇయర్స్ లెక్కలో పెట్టంటే ఇరవై సిగరెట్లు. మన బడ్డీకొట్టు పెట్టెలో సాధారణంగా పది. కాబట్టి రోజుకో పెట్టె కాల్చే డాక్టరుగారు ఇరవయ్యేళ్ళకి పది ప్యాక్ ఇయర్లే చేసినట్టు. "పర్లేదు, మోడరేటే," అని తనకి తానే రిపోర్టు ఇచ్చుకుంటాడు. తాత చుట్టలకి ఆ తగ్గింపు వర్తించదు.

కాల్చే చోటు కూడా చూడదగ్గదే. పెద్దవాళ్ళకి ఫైర్ ఎగ్జిట్ మెట్లు. చిన్నవాళ్ళకి మార్చురీ వెనక గోడ, లేదంటే సిలిండర్ల గది పక్క సందు. తలుపు మీద ఎర్ర అక్షరాలతో 'ఆక్సిజన్, నిప్పు తేరాదు' అని ఉంటుంది. దాని కిందే పీకలు. తర్వాత శుద్ధి కార్యక్రమం, చేతులకి శానిటైజరు, నోట్లో రెండు సోంపు గింజలు, తెల్లకోటు ఓసారి దులపడం. వార్డులో అడుగుపెట్టగానే ఆయాసం పేషెంటు భార్య కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంటుంది. డాక్టరుగారేమో అది తనమీద గౌరవం అనుకుంటారు.

చట్టం లేదనుకునేరు. 2003లోనే వచ్చింది. విద్యాసంస్థకి వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదు. మెడికల్ కాలేజీ విద్యాసంస్థే కదా? దాని ఎదుట బడ్డీకి వేలాడే లైటరు తాడు వంద గజాల పొడవుంటే తప్ప ఆ కొట్టు అక్కడ ఉండకూడదు. ఆసుపత్రి ఆవరణలో కాలిస్తే రెండొందల రూపాయల దాకా జరిమానా. 2008 నిబంధనల ప్రకారం అది వసూలు చేసే అధికారం ఉన్నవాళ్ళలో ఆసుపత్రి అధిపతి కూడా ఒకరు. ఫైర్ ఎగ్జిట్ మెట్ల మీద ఆయనే ఉంటే రసీదు ఎవరి పేర రాయాలో నిబంధనల్లో లేదు.

డాక్టర్ల ముద్రకి పొగాకు మార్కెట్టులో గిరాకీ పాతదే. 1946లో అమెరికాలో ఒక కంపెనీ, ఎక్కువమంది డాక్టర్లు కాల్చేది మా సిగరెట్టేనని తెల్లకోటు బొమ్మలేసి ప్రకటనలు గుప్పించింది. మన గిరీశం శిష్యుడి చేత చుట్ట పట్టించడానికి పద్యాన్ని సాక్ష్యం తెచ్చుకున్నాడు. కంపెనీకి ఆ కష్టం లేదు, స్టెతస్కోపు చాలింది.

ఇక అసలు ఎకసెక్కం వినండి. పొగాకు చంపుతుందని లోకానికి గట్టిగా రుజువైంది డాక్టర్ల శవాల మీదే. 1951లో బ్రిటన్‌లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ తమ దేశపు డాక్టర్లకి ఉత్తరాలు రాశారు, మీరు కాలుస్తారా, ఎన్ని కాలుస్తారు అని. నలభై వేల మందికి పైగా బదులిచ్చారు. వీళ్ళనే ఎందుకు పట్టుకున్నారంటే, డాక్టరు పేరు రిజిస్టరులో ఉంటుంది కాబట్టి ఎవరెప్పుడు పోయారో ఆరా తీయడం తేలిక. అలా యాభయ్యేళ్ళు లెక్క రాసుకుంటూ పోతే 2004లో తేలిందేమిటంటే, కాల్చేవాళ్ళు సగటున పదేళ్ళు ముందు పోతున్నారు. ముప్ఫైలో మానేస్తే ఆ పదీ దాదాపు చేతికొస్తాయి, నలభైలో అయితే తొమ్మిది, యాభైలో ఆరు, అరవైలో మూడు. ఆ డాల్ కూడా సిగరెట్లు కాల్చినవాడే. తన మొదటి అధ్యయనంలో అంకెలు కళ్ళపడగానే మానేశాడు. నీట్ అయిపోవాలనలేదు.

అంతదూరం పోనక్కర్లేదు. విశాఖ, శ్రీకాకుళం తీరంలో నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ళకి అంగిట్లో పుండు ఎందుకు కాన్సరవుతోందో 1950ల్లోనే రాసిపెట్టింది విశాఖ డాక్టర్లు. వాళ్ళ వారసులు ఆ పాఠం చదువుకునే పరీక్ష పాసవుతున్నారు. పాసైన సంతోషంలో బడ్డీ దగ్గరికి వెళుతున్నారు.

పోనీ మందుల్లేవా? నికోటిన్ గమ్ మందుల షాపులో దొరుకుతుంది. బుప్రోపియాన్ ఉంది, వరెనిక్లిన్ ఉంది, రెండూ మానే తేదీకి వారం ముందే మొదలెట్టాలి. సిగరెట్ పెట్టె మీదే క్విట్‌లైన్ నంబరు ఉంటుంది, 1800-11-2356. డాక్టరుగారు ఫోన్ చెయ్యరు. అవతల ఫోనెత్తే కౌన్సెలర్ తనకంటే చిన్న చదువు చదివి ఉంటాడేమోనని అనుమానం. గమ్ మాత్రం ఓసారి కొన్నారు. దాన్ని కాస్త నమిలి, నోట్లో చురుకు తగలగానే బుగ్గకీ చిగురుకీ మధ్య అట్టే పెట్టుకోవాలి, మందు ఎక్కేది ఆ పొరలోంచే. టీ, కాఫీలతో కలిపితే ఎక్కదు. ఈయన దాన్ని చూయింగ్ గమ్‌లా పళ్ళూడేలా నమిలి, మీద ఒక టీ పోసి, "ఈ గమ్ములన్నీ వేస్టండీ, నేను ట్రై చేశాను," అని తీర్పిచ్చారు. ఇన్‌హేలర్ తప్పుగా పీల్చినందుకు తాతని ఆ పొద్దున్నే తిట్టి వచ్చారు.

ఇలాంటి ఆసుపత్రి ఒకదాంట్లో జరిగిందని చెప్పుకునే ముచ్చట ఇది. థియేటర్ బాయ్ ఒకతను, రోజుకి రెండు కట్టల బీడీలు తాగేవాడు, ఎవరికీ చెప్పకుండా మానేశాడు. నాలుగు నెలలయ్యాక గానీ పెద్ద డాక్టరుగారు కనిపెట్టలేదు, అదీ మెట్ల మీద తోడు కరువై.

"ఎలా మానేశావురా? ఎవరికి చూపించుకున్నావు?"

"మీకేగా సార్! ఓపీలో చీటీ రాశారు, ఏ బిళ్ళ ఎప్పుడెయ్యాలో కూడా చెప్పారు. అలాగే వాడాను."

డాక్టరుగారు కాసేపు గడ్డం గీరుకుని, ఆ చీటీ ఉంటే ఒక జిరాక్స్ ఇమ్మన్నారట.