చెత్తబుట్టలో వేసిన చీజ్

పక్కింటి పెద్దావిడ ప్రేమగా తెచ్చిచ్చిన చీజ్‌ని వాసన చూసి చెత్తబుట్టలో వేశాను. ఎలా ఉందని ఆవిడ అడిగితే చాలా బాగుందన్నాను. మొదటిది తెలివితక్కువతనం, రెండోది పిరికితనం. రెండూ నావే.

అప్పట్లో మేం మిల్వాకీ దగ్గర ఉండేవాళ్ళం. విస్కాన్సిన్ అంటేనే పాలు, చీజ్. నాకు తెలిసిన చీజ్ మాత్రం పిల్లల శాండ్‌విచ్‌లో పెట్టే పల్చటి పసుపు బిళ్ళ. ఆవిడ ఇచ్చినదాని రేకు విప్పగానే పైన జిగటగా నారింజ రంగు పొర, గుప్పుమని వాసన. పాడైపోయిందని తేల్చేశాను. ఒక్క మాట అడిగి ఉండొచ్చు. అడగకపోగా, వీళ్ళు కుళ్ళింది కూడా తింటారని ఆఫీసులో నలుగురికీ చెప్పాను.

నా అబద్ధాన్ని ఆవిడ నమ్మారు. ‘అంత నచ్చితే చేసేచోటికే తీసుకెళ్తాను, పద’ అన్నారు. అలా థెరెసా అనే చిన్న ఊరు చూశాను. అక్కడ విడ్మర్ కుటుంబం 1922 నుంచి చీజ్ చేస్తోంది. స్విట్జర్లాండ్ నుంచి వలస వచ్చిన జాన్ విడ్మర్ మొదలుపెడితే, కొడుకుల తరం, మనవల తరం అదే పని అందుకున్నాయి. ఫ్యాక్టరీ పై అంతస్తులోనే ఆ కుటుంబం కాపురం ఉండేదట.

నేను పారేసినదాని పేరు బ్రిక్ చీజ్. పుట్టింది విస్కాన్సిన్‌లోనే. 1877 ప్రాంతంలో జాన్ జోసి అనే మరో స్విస్ వలసదారు దీన్ని మొదట చేశాడు. వెచ్చచేసిన పాలకు తోడు వేసి, పాలను గడ్డకట్టించే రెనెట్ అనే ఎంజైము కలుపుతారు. పన్నీరు కోసం మనం పాలు విరగ్గొడతాం. ఇక్కడ పాలు విరగవు, మెత్తగా గడ్డకడతాయి. ఆ గడ్డను ముక్కలుగా కోసి, వెచ్చచేస్తూ కలియబెట్టి, అచ్చుల్లోకి ఎత్తిపోస్తారు. తేట కారిపోవాలి. అందుకు ఒక్కో అచ్చు మీద ఒక ఇటుక బరువు పెడతారు. నిజం ఇటుకే! జాన్ విడ్మర్ వాడిన ఇటుకలనే ఇప్పటికీ వాడుతున్నారు. కాసేపటికి ఇటుక తీసి, దిమ్మను తిరగేసి, మళ్ళీ ఇటుక పెట్టాలి. అచ్చు తర్వాత అచ్చు, వరస తర్వాత వరస. చూస్తూ నిలబడ్డ నాకే నడుం పట్టేసింది.

అక్కడితో అయిపోదు. దిమ్మల్ని ఉప్పునీళ్ళలో ఊరబెట్టి, వెచ్చగా చెమ్మగా ఉండే గదిలో బల్లల మీద పేర్చి, రోజుల తరబడి ఒక్కోదాన్నీ చేత్తో కడుగుతారు. బ్రెవిబాక్టీరియం లినెన్స్ అనే సూక్ష్మజీవి పైన పెరగాలనే ఆ కడగడమంతా. నన్ను భయపెట్టిన నారింజ పొర అదే. లోపలికి రుచి దిగేది దానివల్లే. నేను కుళ్ళు అనుకున్నది వాళ్ళు కావాలని, కాపలా కాసి పెంచింది.

ఇంగువ తిరగమోత లేనిదే పప్పు దించని ఇంట్లో పుట్టాను. వాసన ఘాటుగా ఉన్నంతమాత్రాన వస్తువు పాడైనట్టు కాదని నాకొకరు చెప్పాలా? అయినా మనది కాని వంట ఎదురయ్యేసరికి ఆ ఇంగితం ఏమైందో.

విస్కాన్సిన్‌లో చీజ్ చేసేవాళ్ళకి లైసెన్సు తప్పనిసరి. లైసెన్సుతో పదేళ్ళు పనిచేసినవాళ్ళే మాస్టర్ చీజ్‌మేకర్ శిక్షణకు అర్హులు, అది మరో మూడేళ్ళు. మూడో తరానికి చెందిన జో విడ్మర్‌కి ఆ గుర్తింపు ఉంది. అంతటి చదువు మీద నేను ఒక్క క్షణంలో తీర్పు చెప్పేశాను.

తిరుగు దారిలో నిజం ఒప్పుకున్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘రై రొట్టె మీద ఆవముద్ద రాసి, పచ్చి ఉల్లిపాయతో తిను. పై పొర మరీ ఘాటనిపిస్తే గీకెయ్యి’ అన్నారు. అలాగే తిన్నాను. లోపల మెత్తగా, కమ్మగా ఉంది.

విస్కాన్సిన్‌లో ఉన్న మనవాళ్ళు ఒకసారి థెరెసా వెళ్ళండి. శాకాహారులైతే రెనెట్ జంతువుల నుంచి తీసిందేమో అడిగి తీసుకోండి. ఇటుకలతో నొక్కి, చేత్తో కడిగి బ్రిక్ చీజ్ చేసేవాళ్ళు ఇప్పుడు అమెరికాలోనే చాలా కొద్దిమంది.