ధైర్యం మీద వ్యాసం రాసి బహుమతి కొట్టడం ఎలా?

‘ప్రజాప్రతినిధులు – రాజకీయ ధైర్యం’ అంటూ వ్యాసరచన పోటీ పెట్టారా? తమ్ముడూ, తొందరపడి పెన్ను తియ్యకు. హైదరాబాద్ గాంధీనగర్ నుంచి నడిచెళ్లినా ఎంతసేపు, త్యాగరాయ గానసభ దగ్గర ఫ్లెక్సీ చూసిరా. ముఖ్య అతిథి ఏ పార్టీలో గెలిచాడు, ఇప్పుడు ఏ పార్టీలో ఉన్నాడు? ఇది తేలందే మొదటి వాక్యం మొదలుపెట్టకూడదు.

ఆ తర్వాత చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ. గ్రూప్స్‌కు చదివేవాళ్లు పొద్దున్నే కుర్చీలన్నీ ఆక్రమించేసి ఉంటారు. ర్యాకుల మధ్య నిలబడే నోట్సు రాసుకో.

వీరుడి ఎంపికకు ఒకటే అర్హత: ఫొటోకి దండ పడి ఉండాలి. లాల్‌బహదూర్ శాస్త్రికి తిరుగులేదు. 1956లో మహబూబ్‌నగర్ దగ్గర రైలు ప్రమాదం జరిగితే రైల్వే మంత్రిగా రాజీనామా ఇచ్చారు, నెహ్రూ వద్దన్నారు. అదే ఏడాది అరియలూరు ప్రమాదం జరిగాక మళ్లీ ఇచ్చి, వెళ్లిపోయారు. తెలుగువాడే కావాలా? కర్నూలు బస్సు రూట్ల కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టిందని 1964లో ముఖ్యమంత్రి పదవే వదులుకున్న నీలం సంజీవరెడ్డి ఉన్నారు. అక్కడితో ఆపు. ‘మరి ఇప్పుడు కోర్టులు తిట్టినవాళ్లో?’ అని చెయ్యి దురద పెడుతుంది. గోక్కో, రాయకు.

జైపాల్‌రెడ్డి జోలికి అసలే పోకు. కాంగ్రెస్‌లో ఉండి ఎమర్జెన్సీని కాదని బయటికొచ్చారు, 1980లో మెదక్‌లో ఇందిరాగాంధీ మీదే నిలబడి ఓడారు, 1999లో తిరిగి కాంగ్రెస్‌కే వెళ్లారు. జడ్జిలది ఏ పార్టీ అయినా ఎక్కడో ఒకచోట గుచ్చుకుంటుంది.

సొంత పార్టీని ఎదిరించిన సెనేటర్ల మీద కెనడీ పుస్తకం రాశాడని ఎవరైనా చెబితే, అది అమెరికా సంగతి అను. మన రాజ్యాంగంలో 1985 నుంచీ ఫిరాయింపులను ఆపే పదో షెడ్యూలు ఉంది. మనస్సాక్షి చెప్పిందని విప్ కాదని ఓటేస్తే, పార్టీ పదిహేను రోజుల్లో క్షమించకపోతే, సీటుకే ఎసరు. పార్టీ ఫిరాయిస్తే మాత్రం అంత కంగారు లేదు: తెలంగాణలో పదిమంది ఎమ్మెల్యేల మీద పిటిషన్లు ఎంతకీ తెమలక, మూడు నెలల్లో తేల్చమని 2025 జులైలో స్పీకర్‌కు సుప్రీంకోర్టే చెప్పాల్సొచ్చింది. వ్యాసానికి ఇంతకంటే మంచి సరుకు దొరకదు. అందుకే పూర్తిగా కొట్టెయ్.

షీల్డు అందుకునేటప్పుడు కెమెరా వైపు తిరుగు, ఫొటో పడేదాకా వదలకు. ఏం రాశావని అతిథి అడగడు. ఖర్మ కాలి అడిగితే, ‘శాస్త్రిగారి గురించి సార్’ అను.