బోరు పద్యానికి టీకా తాత్పర్యం

బోరు పెంచ బండి పొగరెక్కి పరుగెత్తు
పిస్టనరుగు నూనె పీల్చి తాగు
లీటరునకు మైళ్లు లెక్కకు తక్కువై
కేతెపల్లి రోడ్డు కేకపెట్టు

అవతారిక: ఇది ఆటవెలది. పద్యం నాదే, టీకా నాదే. అందుకని పాఠాంతరాల గొడవ లేదు. టీకా అనగానే గుర్తొచ్చే మల్లినాథ సూరిది మెదక్ సీమలోని కొల్చారం అంటారు. ఆయన కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు గానీ స్ప్లెండర్ బైకుకు రాయలేదు. ఆ లోటు తీర్చడమే నా పని.

ప్రతిపదార్థం:

బోరు = నల్లగొండ జిల్లా రైతుకు ఈ మాట వినగానే బోరుబావే గుర్తొస్తుంది. ఇక్కడ మాత్రం పిస్టన్ ఆడే గొట్టం వెడల్పు అని చెప్పుకోవాలి. అక్కడ లోతు లెక్క, ఇక్కడ వెడల్పు లెక్క. తవ్వేకొద్దీ డబ్బు లోపలికే పోవడం రెండింటికీ సమానధర్మం.

పెంచ = లేతు మీద చెక్కించగా. స్ప్లెండర్ బోరు 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు 49.5. అలా 97.2 సీసీ అయింది. బోరును 54 చేస్తే 113 దాటుతుంది. వెడల్పుకు వర్గం కడతారు గనుక నాలుగు మిల్లీమీటర్లకే పదహారు సీసీలు. ఆశ పుట్టేది ఇక్కడే.

పొగరెక్కి = శ్లేష. పొగరులోనే పొగ ఉంది. రింగులు సరిగ్గా కూర్చోకపోతే ఇంజనాయిల్ మండి సైలెన్సర్లోంచి నీలం పొగ వస్తుంది.

పిస్టనరుగు = పాత హెడ్డే బిగిస్తే కంప్రెషన్ పెరిగి, నాకింగ్ మొదలై, పిస్టన్ దెబ్బ తింటుంది. చెక్కిన బ్లాకు గోడ పలచబడుతుంది. కార్బురేటర్ జెట్టు మార్చకపోతే పెట్రోలు చాలక ఇంజన్ కాగిపోతుంది. ఒకరోజు నడిరోడ్డు మీద పట్టేస్తుంది.

మైళ్లు = కిలోమీటర్లనే అనాలి. గణాల్లో ఇమడలేదు.

కేతెపల్లి = ఊరి పేరులో 'తే' దీర్ఘం. ఛందస్సు కోసం కుదించాను. ఇదీ మాడిఫికేషనే. ఊరివాళ్ల వారంటీ పోయినట్టే.

కేకపెట్టు = సైలెన్సర్ లోపలి సరుకు పీకేయడం వల్ల. మోత పెరిగితే బలం పెరిగిందనుకోవడం భ్రాంతిమదలంకారం. మనవాళ్లకు ఇదే ఎక్కువ ఇష్టం.

ఆక్షేపం: ఆర్ఎక్స్ 100 బైకు కూడా 98 సీసీయే, 11 హార్స్ పవర్ ఇచ్చింది కదా?

సమాధానం: అది టూ స్ట్రోకు. క్రాంకు తిరిగిన ప్రతిసారీ మండుతుంది, ఆయిలూ పెట్రోలుతో కలిసే మండుతుంది. 1985లో వచ్చి 1996లో ఆగిపోయింది. దాని పొగరు ఫోర్ స్ట్రోకుకు అరువు రాదు.

ప్రమాణం: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. 2019 సవరణ ప్రకారం యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. 'ఒక్కో' అనే ఆమ్రేడితాన్ని గమనించాలి. బోరు ఒకటి, సైలెన్సర్ ఇంకొకటి.

తాత్పర్యం: కేతేపల్లి నుంచి కొర్లపహాడ్ టోల్ గేటుకు బండి కాస్త ముందుగా చేరుతుంది. అక్కడ బైకుకు టోలు లేదు. 97 సీసీకీ లేదు, 113 సీసీకీ లేదు.