శునక స్వభావ ధ్రువీకరణ పత్రం

2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు తేల్చేసింది. పట్టుకున్న వీధికుక్కలకు ఆపరేషన్ చేసి, టీకా వేసి, ఎక్కడ పట్టుకున్నారో అక్కడే వదలాలంది. రేబిస్ ఉన్నవాటిని, ఉగ్రస్వభావం ఉన్నవాటిని మాత్రం వదలకూడదంది. అంతకు పదకొండు రోజుల ముందు ఇద్దరు న్యాయమూర్తులు ఢిల్లీ కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంటే దేశమంతా గగ్గోలెత్తింది. 22న ముగ్గురు న్యాయమూర్తులు ఆ ఉత్తర్వును మెత్తబరిచి, అన్ని రాష్ట్రాలనూ కేసులోకి లాగారు. బాగానే ఉంది. ఏ కుక్కది ఉగ్రస్వభావమో ఎవరు తేల్చాలి, ఎలా తేల్చాలి అన్నది మాత్రం కుక్కల విజ్ఞతకే వదిలేసినట్టున్నారు.

ఆంధ్రదేశంలో ఇలాంటి చిక్కులకు ఒకటే విరుగుడు: సర్టిఫికెట్. కులానికి ఉంది, ఆదాయానికి ఉంది, పింఛనుదారు ఇంకా బతికే ఉన్నాడనడానికీ ఉంది. కోపానికి ఎందుకుండకూడదు? కాబట్టి జగ్గయ్యపేట వార్డు సచివాలయాల్లో రేపటి నుంచి శునక స్వభావ ధ్రువీకరణ పత్రాలు ఇస్తారనుకుందాం.

మొదటి దరఖాస్తుదారు ఒక రిటైర్డ్ మాస్టారు. తెల్లారగట్ల తన పొమేరియన్‌ను తాడు కట్టి నడిపిస్తుంటే సందు మొగలో నాలుగు కుక్కలు చుట్టుముట్టాయి. తెలిసినవాళ్లు చెప్పేవన్నీ చేశారాయన. పరుగెత్తలేదు. వాటి కళ్లలోకి చూడలేదు. తాడు బిగించి పొమేరియన్‌ను వెనక్కి తీసుకుని, చేతికర్ర అడ్డం పెట్టి, వెన్ను చూపకుండా ఒక్కో అడుగే వెనక్కి వేశారు. చివరికి తాతల నాటి ఉపాయానికి దిగి, రాయి కోసం వంగారు. జగ్గయ్యపేట చుట్టూ సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు. ఆ రాయంతా పొడై, సీసీ రోడ్డై కాళ్ల కిందే పరుచుకుంది. చేతికి అందేది ఒక్కటీ లేదు.

“ఎక్కడ కరిచాయండీ?” అంది కౌంటర్లో అమ్మాయి.

“ఇంకా కరవలేదమ్మా. మీదికొచ్చాయి.”

“అయితే ఉగ్రం కిందికి రాదు మాస్టారూ. కరిచాక రండి. ఆసుపత్రి ఓపీ చీటీ జిరాక్సు, కుక్కవి ఫొటోలు రెండు. ఒకటి ఎదురుగా, ఒకటి చెవి మీద ఆపరేషన్ గాటు కనపడేట్టు.”

“కరిచేటప్పుడు ఫొటో ఎలా తియ్యనమ్మా?”

“వీడియో అయినా పర్లేదండీ.”

దరఖాస్తు తీసుకున్నాక విచారణ. కుక్క ఐదో వార్డులో పడుకుని ఆరో వార్డులో మొరుగుతోంది కాబట్టి పరిధి తేలదు. హైవే దాటి అటు పోయిందంటే ఫైలు జాతీయ రహదారుల సంస్థకు. ఇరుగుపొరుగు వాంగ్మూలాలు కావాలి: దాని అంత సాధువు లేదంటుంది ఇడ్లీబండి ఆవిడ, ప్యాంటు ఎత్తి చూపిస్తాడు గ్యాస్‌బండి కుర్రాడు. రెండూ ఫైల్లో పెట్టి, సర్వర్ డౌనని వారం ఆపి, చివరికి ‘సందర్భోచిత కోపం’ అని తేలుస్తారు. ఒప్పుకోకపోతే అప్పీలు నందిగామ ఆర్డీవో గారికి. కుక్క కూడా అప్పీలు చేసుకోవచ్చు. దాని తరఫున వాదించేవాళ్లకు ఢిల్లీలో కొదవ లేదు. కోర్టు తలుపు తట్టిన జంతుప్రేమికులు తలా 25 వేలు, సంస్థలు తలా 2 లక్షలు కట్టాలని ఆగస్టు 22 ఉత్తర్వులోనే ఉంది. మాస్టారి తరఫున ఖర్చు మాస్టారిదే.

కరవడమే కొలమానమైతే పరాగ్ దేశాయ్ దరఖాస్తు కూడా తిరిగొచ్చేసేది. వాఘ్ బక్రీ టీ కంపెనీ డైరెక్టరాయన. 2023 అక్టోబరులో అహ్మదాబాదులో ఇంటి దగ్గర నడకకు వెళ్లినప్పుడు కుక్కలు వెంటపడితే కిందపడి తలకు దెబ్బ తగిలిందని వార్తలొచ్చాయి. ఆయన బతకలేదు. ఒంటిమీద కాటు గుర్తుల్లేవని ఆసుపత్రి చెప్పింది. ఆ లెక్కన అవన్నీ సాధు జంతువులే.

ప్రతి వార్డులోనూ కుక్కలకు అన్నం పెట్టే చోటు ఏర్పాటు చేయాలని కూడా కోర్టు చెప్పింది. మునిసిపాలిటీలు ఈ ఒక్క విషయంలో ముందే ఉన్నాయి. ఆదివారం మధ్యాహ్నం చికెన్ కొట్ల వెనక్కి వెళ్లి చూస్తే చాలు.

అసలు తమాషా తాడు దగ్గరుంది. భారతీయ న్యాయసంహిత 291వ సెక్షన్ ప్రకారం తన దగ్గరున్న జంతువు వల్ల ఎవరికీ ప్రమాదం లేకుండా చూసుకోనివాడికి ఆరు నెలల వరకు జైలు, లేదా 5 వేల వరకు జరిమానా, లేదా రెండూ. ‘తన దగ్గరున్న’ అనే మాట మాస్టారి పొమేరియన్‌కు సరిగ్గా అతుకుతుంది. చుట్టుముట్టిన నాలుగింటికీ అతకదు, అవి ఎవరి దగ్గరా లేవు. ఇక ఆ రాయి నిజంగానే దొరికి, విసిరితే ఒకదాని కాలు విరిగిందనుకోండి, 325వ సెక్షన్: ఐదేళ్ల వరకు. టీకా కార్డు, మెడపట్టీ, తాడు, యజమాని అన్నీ ఉన్న జీవి ఒక్కటే ఈ సందులో చట్టానికి దొరుకుతుంది.

ఆ కౌంటరు కల్పన. ‘కరిచాక రండి’ మాత్రం కల్పన కాదు, ఇన్నేళ్లుగా నడుస్తున్న పాలన అదే. వీధికుక్కలకు ఆపరేషన్లు, టీకాలు స్థానిక సంస్థల బాధ్యతని నియమాలు రాసింది 2001లో. ఆ నియమాలకు ఓటుహక్కు వయసు కూడా దాటింది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లవాణ్ణి కుక్కలు చీల్చేయడం సీసీ కెమెరాలో దేశమంతా చూసింది. 2025 ఏప్రిల్‌లో గుంటూరులో మరో నాలుగేళ్ల బాబు పోయాడు. 2024లో దేశంలో కుక్కకాట్లు 37 లక్షలు దాటాయని కేంద్రమే లెక్క చెప్పింది. ఈ పిల్లలు ఏ జాగ్రత్త పాటించలేదని చచ్చిపోయారు? కళ్లలోకి చూశారా? వెన్ను చూపారా? ఆపరేషన్‌కు డాక్టరు లేడు, షెడ్డు లేదు, బండి లేదు అంటూ ఇన్నేళ్లూ ఫైళ్లు తిప్పినవాళ్లలో ఒక్కరి జీతమైనా ఆగిందా?

జగ్గయ్యపేటలో, నందిగామలో ఏ వార్డులో ఎన్ని కుక్కలున్నాయి, ఎన్నింటికి ఆపరేషనైంది, ఎన్నింటికి టీకా పడింది? ఈ మూడు అంకెలూ, కింద బాధ్యుడైన అధికారి పేరూ మునిసిపల్ ఆఫీసు గోడమీద రాయండి. ప్రతి నెలా మార్చి రాయండి. అది చేతకాకపోతే, కుక్కను చూసి పరుగెత్తొద్దని జనానికి సుద్దులు చెప్పే పోస్టర్లు కూడా ఆ గోడకు అంటించొద్దు.