40 నిమిషాల గడువు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ జూమ్ ఉచిత ఖాతా 40 నిమిషాల గడువు గారి సముఖానికి,

చిత్తూరు జిల్లా ఐరాలలో చర్చి యూత్ మీటింగుకు లింకులు పంపేవాడు చేసుకునే విన్నపం.

అయ్యా, 2020 మార్చిలో లాక్‌డౌన్ పడి, మా మండలంలోని కాణిపాకం వినాయకుడి దర్శనం కూడా ఆగిపోయిన రోజుల్లో మీ పరిచయభాగ్యం కలిగింది. అంతకుముందు మా సంఘంలో ప్రసంగాన్ని ఆపగల శక్తి ఎవరికీ లేదు. పెద్దలు దగ్గేవాళ్లు. పాస్టరమ్మగారు వాచీ చూసుకునేవారు. కరెంటు పోయేది. పాస్టరు అయ్యగారు గొంతు పెంచేవారు. మీరు దగ్గలేదు, వాచీ చూసుకోలేదు. ‘చివరిగా ఒక్క మాట’ అని ఆయన మూడోసారి అంటుండగా తెర మూసేశారు.

ఇది ఐరాల కష్టం మాత్రమే కాదు. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయం చూడండి. త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తుంటే ఐతుకు అనే కుర్రాడు కిటికీలో కూర్చుని నిద్రపోయి మూడో అంతస్తు నుంచి కిందపడ్డాడు. పౌలు దిగివచ్చి అతణ్ణి కౌగిలించుకుని, ప్రాణముందని చెప్పి, మళ్లీ పైకెళ్లి తెల్లారేదాకా మాట్లాడాడు. మన ప్రసంగీకులకు ఈ తెల్లారేదాకా అన్న ముక్కే బాగా గుర్తుంటుంది. ఆన్‌లైన్ ఐతుకులు కిందపడరు లెండి. వీడియో ఆఫ్ చేసి, పేరు మాత్రం మా ముందుంచి వెళ్లిపోతారు.

మీరు తెర మూశాక మళ్లీ లింకు నొక్కి ఎంతమంది వస్తారో చూస్తే సభ ఎట్లా జరిగిందో తెలిసిపోయేది. అంతకంటే నిజమైన సాక్ష్యం మా సంఘంలో నేను వినలేదు. అందుకే వాక్యాన్ని పావుగంటకు కుదించి, మిగతా సమయం పిల్లలకు వదిలాం. అయ్యగారు ఒప్పుకున్నారు, బాధపడుతూనే.

పాట మీ శాఖ కాకపోయినా చెప్పుకుంటాను. అందరూ కలిసి పాడదామని మైకులు తెరిస్తే, ఇక్కడ పల్లవి అయిపోయేసరికి బెంగళూరులో ఉన్నవాడు ఇంకా ఎత్తుకుంటూ ఉంటాడు. శబ్దం అర సెకను వెనకబడితే చాలు, చప్పట్లు కూడా కలవవు. పైగా జూమ్ మనిషి మాటను వినిపించి, మిగతాదాన్ని రొద కింద జమకట్టి తగ్గించేస్తుంది. మావాడి డోలక్ ఆ లెక్కలో పోయింది. సెట్టింగుల్లో ‘ఒరిజినల్ సౌండ్’ వెతికి పట్టుకున్నాకే వినబడింది. చివరికి ఒకరు పాడడం, మిగతావాళ్లు మైకు మూసుకుని ఎవరింట్లో వాళ్లు పాడుకోవడం అలవాటైంది. శ్రుతి కుదరని నాబోటివాళ్లకు అదే పరలోకం.

బైబిల్ క్విజ్‌లో మాత్రం ఎవరికి తెలుసో కాదు, ఎవరికి సిగ్నల్ ఉందో తేలేది. జవాబులు మర్నాటి లోపు వాట్సాప్‌లో పంపమన్నాక గొడవ తగ్గింది.

ఇక మీ మీద నాకున్న కోపం. చర్చిలో వెనక చాపమీద తల వంచుకు కూర్చునే ఒక పాప, ఒక రోజు చాట్‌లో రాసింది: ‘అన్నా, ఇంటర్ అయినాక చదివించరంట. ప్రార్థన చేస్తే నాయన మనసు మారుతుందా, లేకుంటే ఎవురన్నా వచ్చి మాట్లాడాల్నా?’ అయ్యగారు కళ్లద్దాలు తీసి, ఏదో చెప్పబోయారు. సరిగ్గా అప్పుడే తెర మూశారు మీరు. ఆమె మళ్లీ రాలేదు. మర్నాడు అమ్మగారు వాళ్లింటికి నడిచిపోయి గడప బయటే నిలబడి మాట్లాడి వచ్చారు.

ఇప్పుడు చర్చి తలుపులు తెరుచుకున్నాయి, ప్రసంగాలు పాత పొడవుకు పెరిగాయి. దయచేసి ఆదివారం పుల్పిట్ పక్కన వచ్చి నిలబడండి. పిల్లలు మాట్లాడేటప్పుడు మాత్రం సెలవు పెట్టండి. 2020 క్రిస్మస్‌కు ప్రపంచమంతటా సెలవు పెట్టారు కదా, అలవాటున్న పనే.

ఇట్లు,
తమ విధేయుడు,
లింకులు పంపేవాడు.

తాజా కలం: బెంగళూరు, చెన్నై పిల్లల కోసం ఆన్‌లైన్ కూడిక ఇంకా నడుపుతున్నాం. పెద్దలు చందా వేసుకుని డబ్బు కట్టే ఖాతా తీసుకోమంటున్నారు. ఆ పని నాకే అప్పజెప్పారు. కార్డు పనిచేయడం లేదని ఇప్పటికి చెప్పి ఉంచాను.