ట్రైనింగు సారు

బోధన్ చుట్టుపక్కల ఏ మండలానికి పోయినా ఒక ట్రైనింగు సారు తప్పక ఉంటాడు. ఆయన కూరగాయల సంచి మీద 'ఉపాధ్యాయ శిక్షణా కార్యక్రమం' అని అచ్చయి ఉంటుంది. ఇంట్లో ఇలాంటివి ఎన్నున్నాయో భార్యకే తెలుసు. పాత సంచుల్లో ఉల్లిగడ్డలు, 2019 నాటి నిష్ఠ శిక్షణ సంచిలో కరెంటు బిల్లులు. తొలిమెట్టు సంచి కొత్తది గనుక పెళ్లిళ్లకు.

1998 డీఎస్సీలో ఉద్యోగం. అప్పటి నుంచి ప్రభుత్వాలు మారాయి, రాష్ట్రమే మారింది, శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. సారు శిక్షణలకు మాత్రం ఏ ఏడూ క్రషింగు ఆగలేదు.

శిక్షణ హాల్లో ఆయనది ముందు వరుస. పాట ఎత్తుకునేది ఆయనే, గ్రూపు నివేదిక చదివేది ఆయనే, చార్టు మీద ముత్యాల్లాంటి అక్షరాలూ ఆయనవే. నమూనా పాఠంలో పిల్లలుగా కూర్చునేది నలభై, యాభై ఏళ్ల పంతుళ్లు. "ఇదేం బొమ్మ?" అంటే "మామిడికాయ్ సార్!" అని ఒక్క గొంతుతో అరుస్తారు. 'మా' ఎక్కడుందంటే బట్టతలలన్నీ ఒక్కసారే చార్టు మీదికి వంగుతాయి. పద్ధతి నూటికి నూరు పాళ్లు ఫలించినట్టే. అందరికీ చదవడం ముందే వచ్చు కదా! సాయంత్రం ఫారంలో సారు రాస్తాడు: 'చాలా ఉపయోగకరం. రోజులు పెంచగలరు.'

సోమవారం బడి. రెండో తరగతి, మూడో తరగతి ఒకే గదిలో. ఇంట్లో ఒకరిది ఉర్దూ, ఒకరిది మరాఠీ, ఇంకొకరిది లంబాడీ. వాచకం మాత్రం అందరికీ తెలుగే. మాడ్యూలు బీరువాలోకి పోతుంది. చార్టు గోడకెక్కుతుంది, తనిఖీకి వచ్చేవాళ్ల కళ్లకు సరిగ్గా ఆనే ఎత్తున. పాఠం 1998లో లాగే సాగుతుంది: సారు చదువుతాడు, పిల్లలు వెనకాల అంటారు. ఒక పిలగాడు పేజీని గడగడా అప్పజెప్పాడు. మధ్యలో గాలికి పేజీ తిరిగినా వాడి పాఠం తిరగలేదు. సారు శెభాష్ అన్నాడు.

సారును సోమరి అంటే పాపం తగులుతుంది. మధ్యాహ్న భోజనం గుడ్ల లెక్కా ఆయనే, ఫోన్‌లో హాజరూ ఆయనే. హాల్లో విన్నది, చూసినది, సాధన చేసినది కూడా తరగతిలో నిలవాలంటే అక్కడ పక్కన ఒకరు తోడుండాలని అమెరికాలో బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980ల్లోనే చెప్పారు. మనవాళ్లకూ ఆ సంగతి తెలుసు. బడులకు పోయి టీచర్లకు తోడుండేందుకు సీఆర్పీలను (క్లస్టర్ రిసోర్స్ పర్సన్లను) పెట్టారు. పెట్టి, చేతికి ఫారాలిచ్చారు.

పిల్లలకు చదవడం, లెక్కలు నేర్పే తొలిమెట్టు మొదలైన 2022లో ఒక సీఆర్పీ మేడం ఆ ఫారాలు పక్కన పడేసి, వెనక బెంచీలో కూర్చుంది.

"సార్, ఏమనుకోకుండ్రి. పీరియడంత మీరే చదివిండ్రు. పోరగాండ్లు చదివింది నాకైతే ఇనబడలే."

సారు మనసు చివుక్కుమంది. "నేను మండలానికే ట్రైనింగులిచ్చే ఆర్పీగ చేసిన మేడం!"

"అందుకే చెప్తున్న. రేపు ఒక్కటే పని చెయ్యిండ్రి. పిల్ల ఆగితే మాట అందియ్యకుండ్రి. మనసుల పది లెక్కపెట్టుండ్రి."

పది! ఇరవై నాలుగేళ్ల సర్వీసులో సారు మూడు దాకా ఆగిన దాఖలా లేదు. మొదటి రోజు ఆరు దగ్గర నోరు జారింది. శుక్రవారం మేడం మళ్లీ వచ్చింది. ఆమె చూపుకు జడిసి ఎనిమిది దాకా లాగాడు. ఆ పై వారం, తొమ్మిది మీద, మరాఠీ ఇంటి పిల్ల 'చె... రు... కు' అని కూడబలుక్కుని, కిటికీలోంచి చేను వైపు చూసి, "చెరుకు!" అని అరిచింది. సారు చేతిలో సుద్దముక్క పుటుక్కుమంది. ఆ సాయంత్రమే చార్టు మేకు పీకి పిల్లల ఎత్తుకు దించాడు.

ఇప్పుడు సారుకు శుక్రవారం వస్తోందంటే హుషారు. ఈ శుక్రవారం మధ్యాహ్నం దాకా చూసి, ఉండబట్టలేక ఫోన్ చేశాడు.

"నిజామాబాద్‌ల ఉన్న సార్. అయిదు రోజుల ట్రైనింగు."

"దేని మీద మేడం?"

"బడులకు పోయి టీచర్లకు తోడుండుడు ఎట్లనో చెప్తున్నరు సార్."